దీపానికి దణ్ణం

పోయిన నెల మా ఇంటికి ఒక ఆహ్వానపత్రం వచ్చింది. మందపాటి కాగితం, అంచుకి ఆకుపచ్చ గీత. "దేశంలో సుస్థిర ఇంధనాభివృద్ధి - భాగస్వాముల అభిప్రాయాలు" అన్న విషయం మీద ఒక రోజు సదస్సు జరుగుతుందిట. రచయిత్రిగా నేను కూడా వచ్చి పది నిమిషాలు మాట్లాడాలిట.

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత భయం వేసింది. నేను బి.ఏ.లో చరిత్ర చదువుకున్న మనిషిని. శాతవాహనుల నాణాల గురించి అడిగితే రెండు ముక్కలు చెప్పగలను గానీ, ఇంట్లో ఫ్యూజు పోతే పక్కింటి కుర్రాణ్ణి కేకేసే రకాన్ని.

మా వారు కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "ఎందుకు పిలిచారో నాకు తెలుసు. నీ నవలల్లో సరిగ్గా పదో ప్రకరణంలో కరెంటు పోతుంది. హీరోయిన్ కెవ్వుమంటుంది. హీరో అగ్గిపుల్ల గీస్తాడు. కరెంటుతో అంత అనుబంధం వున్న రచయిత్రి ఇంకెవరున్నారు?" అన్నారు.

చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న మా అత్తయ్య తలెత్తింది. "భాగస్వాములంటే ఎవురమ్మా?"

"ఆ పని వల్ల లాభమో నష్టమో కలిగేవాళ్ళంతా అన్నమాట అత్తయ్యా. ఇంగ్లీషులో స్టేక్‌హోల్డర్లంటారు" అని కార్డులో వున్న పేర్లు చదివి వినిపించాను. రిటైరైన ఇంజనీరు గారొకరు, బ్యాంకు అధికారి ఒకరు, సోలార్ కంపెనీ మేనేజరు, యూనివర్సిటీ ప్రొఫెసరు, ఆఖరున నేను.

ఆవిడ అంతా విని, "నీళ్ళల్లో పోయినోళ్ళు ఎవురూ లేరా అందులో?" అంది. అని మళ్ళీ చిక్కుడుకాయల్లో పడిపోయింది.

ఆ మాటకి కారణం వుంది. అది తర్వాత చెప్తాను. ముందు నేను చేసిన పని చెప్పాలి. ఆ రాత్రి నుంచీ పాత పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. మన దేశానికి కరెంటు వచ్చిన దగ్గర్నుంచీ, ఎవరు ఎవర్ని అడిగారు, ఎవరు ఏమన్నారు అని వెతకడం మొదలుపెట్టాను.

మన దేశంలో మొట్టమొదటి జలవిద్యుత్తు 1897లో డార్జిలింగ్ దగ్గర సిద్రాపాంగ్‌లో పుట్టింది. అది చిన్న కేంద్రం. అసలు పెద్దది 1902లో మైసూరు సంస్థానంలో కావేరి మీద శివసముద్రం దగ్గర వచ్చింది. ఆ కరెంటు అక్కడి నుంచి దాదాపు 150 కిలోమీటర్లు తీగల మీద ప్రయాణం చేసి ఎక్కడికి వెళ్ళిందనుకున్నారు? కోలార్ బంగారు గనులకి! బెంగుళూరు వీధి దీపాలు వెలగడానికి 1905 దాకా ఆగాల్సొచ్చింది. ఇక ఆ తీగల కింద వున్న పల్లెల్లో ఆముదం దీపాలే. తీగ నెత్తి మీద నుంచి వెళ్ళినంత మాత్రాన వెలుగు ఇంట్లోకి దిగదు కదా.

మన హైదరాబాదు సంగతీ అంతే. 1920లో హుస్సేన్ సాగర్ గట్టున బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం వెలిసింది. ఆ బొగ్గు వచ్చే గోదావరి తీరపు గనుల్లో తవ్వకం అంతకు ముందే, 1889లో, ఇల్లెందు దగ్గర మొదలైంది. దివాణాల్లో, పెద్ద వీధుల్లో దీపాలు వెలిగాయి. బొగ్గు తవ్వినవాడి గుడిసెలో కిరసనాయిలు బుడ్డి వెలిగింది. అప్పట్లో ఎవరి అభిప్రాయం ఎవరూ అడగలేదు. అడిగే ఆచారమే లేదు.

స్వాతంత్ర్యం వచ్చింది. ఆ రోజుల నాటి ఉత్సాహం గురించి చదువుతూంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఆనకట్టలు ఆధునిక దేవాలయాలన్నారు నెహ్రూ గారు. 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేసిందీ ఆయనే. అదే సంవత్సరం ఆంధ్ర, ఒరిస్సా సరిహద్దుల్లో మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రాన్ని రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభించారు. దాని మొత్తం సామర్థ్యం 120 మెగావాట్లు. మెగావాటంటే నాలాంటి వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, వెయ్యి ఇళ్ళల్లో వెయ్యి ఇస్త్రీ పెట్టెలు ఒక్కసారే వేసుకోవచ్చన్నమాట. అలా లక్షా ఇరవై వేల ఇస్త్రీ పెట్టెలు! విశాఖపట్నం వైపు ఫ్యాక్టరీలకీ, వూళ్ళకీ ఆ కరెంటే ప్రాణం పోసింది.

ఆ జలాశయం కింద వేలమంది గిరిజనుల భూములు పోయాయి. వాళ్ళకి తిరిగి దక్కిందేమిటని వెతికితే కాగితాల్లో కనిపించేది చాలా కొంచెం. ఆ కొండల్లో ఎన్నో గూడేలకి దశాబ్దాల పాటు కరెంటే రాలేదు. నీళ్ళు వాళ్ళవి, కొండలు వాళ్ళవి, చీకటి కూడా వాళ్ళదే అయింది.

ఇంజనీర్లని తప్పుపట్టేద్దామా అంటే అదీ మనసొప్పదు. ఆ రోజుల్లో దేశంలో కరువు, చీకటి, ఫ్యాక్టరీల్లేవు, పనుల్లేవు. అడవుల్లో డేరాలేసుకుని, మలేరియా జ్వరాలతో మూలుగుతూ ఆ ఆనకట్టలు కట్టినవాళ్ళకి తాము దేశాన్ని కడుతున్నామన్న నమ్మకం వుండేది. అది అబద్ధమూ కాదు. అయితే 1958లో నెహ్రూ గారే, కేంద్ర నీటిపారుదల, విద్యుత్ బోర్డు సమావేశంలో మాట్లాడుతూ, ప్రతిదీ భారీగా కట్టాలన్న ఆరాటం ఒక రోగంలా మనకి పట్టుకుందేమోనని అన్నారు. దేవాలయాలన్న మాట మనందరికీ కంఠతా వచ్చు. ఈ రెండో మాట మా కాలేజీ పుస్తకాల్లో ఎక్కడా చదివిన గుర్తు లేదు నాకు.

ఇప్పుడు మా అత్తయ్య సంగతి చెప్తాను.

ఆవిడ పుట్టిల్లు కర్నూలు వైపు, కృష్ణ ఒడ్డున. 1963లో శ్రీశైలం ప్రాజెక్టుకి నెహ్రూ గారే పునాది రాయి వేశారు. కట్టడం ఏళ్ళ తరబడి సాగింది. 1981 వేసవికి ఇక నీళ్ళు నిలిపే సమయం వచ్చింది. కృష్ణా, తుంగభద్రల ఒడ్డున నూరుకు పైగా గ్రామాలు, లక్షమందికి అటూ ఇటూగా జనం కదలాల్సొచ్చింది. అత్తయ్యకి అప్పటికి పెళ్ళై ఎనిమిదేళ్ళు. మా వారు నాలుగేళ్ళ పిల్లాడు. పుట్టింట్లో సామాన్లు సర్దడానికని ఆవిడ వెళ్ళింది. బండి మీద ధాన్యం గాదె, మంచాలు, దూలాలు, తలుపులు ఎక్కించారుట. వాళ్ళ నాన్న ఆఖరున గడప కూడా పెరికించి బండిలో వేయించాడుట. "గడప పీకకు నాయనా, అరిష్టం" అని వాళ్ళమ్మ ఏడ్చిందిట. "ఇంటికి ఇంతకంటే అరిష్టం ఏముంటాది?" అన్నాడుట ఆయన.

ప్రాజెక్టు కోసం కొన్ని గుళ్ళని కాపాడారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి, అలంపురంలో మళ్ళీ కట్టారు. నేను వెళ్ళి చూశాను. ఎంత అందంగా కట్టారో, ఎక్కడా అతుకు కనబడదు. పురావస్తు శాఖ వాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. కానీ వూరిని అలా విప్పి మళ్ళీ కట్టడం కుదరదు. చాకలి ఇల్లు ఎక్కడ, కుమ్మరి ఇల్లు ఎక్కడ, రచ్చబండ ఎక్కడ, బావి దగ్గర ఎవరి వంతు ఎప్పుడు... వీటికి నంబర్లు వెయ్యడం ఎవరి తరం?

నష్టపరిహారం లెక్కల్లో మా అత్తయ్య లేదు. ఎందుకుంటుంది? ఆవిడ పెళ్ళైపోయిన పిల్ల. భూమి నాన్న పేర వుంది, ఇల్లు అన్న పేర వుంది. పుట్టిల్లు పోయిన ఆడపిల్లకి ఇంత అని ఏ లెక్కలోనూ రాసుండదు. వాళ్ళన్న డబ్బు తీసుకుని ఒక చోట, తమ్ముడు కూలీకని ఇంకో చోట, అమ్మానాన్నలు మరో చోట చెదిరిపోయారు. "సంకురాత్రికి పుట్టింటికి పోవాలనిపిస్తే ఏ బస్సెక్కాల్నో తెలిసేది కాదమ్మా" అని ఒకసారి నాతో అంది.

నీళ్ళు అడుగంటిన ఒక వేసవిలో ఆవిడ అడిగితే కారు కట్టించుకుని అక్కడికి వెళ్ళాం. సప్తనది సంగమం దగ్గర మునిగిన గుడి ఏటా వేసవికి నీళ్ళలోంచి బయటపడుతుంది, పూజలు జరుగుతాయి. ఆ గుడికి దణ్ణం పెట్టుకుని, వాళ్ళ వూరి వైపు నడిచాం. పగుళ్ళిచ్చిన ఒండ్రు మట్టి. మోకాళ్ళెత్తు మొండి గోడలు. ఆవిడ చెప్పులు విప్పి, తడుముకుంటున్నట్టు నడిచి, ఒక చోట ఆగి, "ఇది మా పొయ్యి" అంది. నాకైతే అక్కడ రాళ్ళే కనిపించాయి. మా వారు మాత్రం చంటిపిల్లాడిలా ఆవిడ కొంగు పట్టుకుని నిలబడ్డారు. తిరిగొచ్చేప్పుడు కారులో ఎవ్వరం మాట్లాడలేదు.

శ్రీశైలం కుడి గట్టున 770 మెగావాట్లు, ఎడమ గట్టున భూగర్భంలో 900 మెగావాట్లు. నా మొదటి నవల రాత్రిళ్ళు రాశాను. ఆ బల్బు వెలగడానికి వచ్చిన కరెంటులో అత్తయ్య వాళ్ళ వంటింటి మీద నిలిచిన నీళ్ళ వాటా కూడా వుండే వుంటుంది. ఇలాంటి ఆలోచన వచ్చాక ఇక ఆ కార్డులోని పేర్ల పట్టీ నాకు మామూలుగా కనిపించలేదు.

సరే, చరిత్రలోకి మళ్ళీ వద్దాం. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగించాయి. కొద్ది నెలల్లో ధర నాలుగింతలైంది. అప్పుడు మన పెద్దలకి సూర్యుడు, గాలి, పేడ గుర్తొచ్చాయి! 1981లో ఇందుకోసం ఒక కమిషన్ వేశారు. 1982లో కేంద్రంలో సంప్రదాయేతర ఇంధనాలకి ప్రత్యేకంగా ఒక విభాగమే పెట్టారు. 1992 నాటికి అది పూర్తి మంత్రిత్వ శాఖ అయింది. గోబర్ గ్యాసు ప్లాంట్లు పెట్టారు. పొగ లేని పొయ్యిల పథకం కూడా ఆ కాలానిదే, 1983లో మొదలైంది.

ఆ పొయ్యి మా అవ్వ ఇంట్లో కూడా వేశారు. నాకు బాగా గుర్తు. మట్టి, సిమెంటుతో చక్కగా కట్టి, గొట్టం పెట్టి, ఫోటో తీసుకుని వెళ్ళారు. రెండు నెలలయ్యేసరికి అవ్వ దాన్ని పక్కన పెట్టి మళ్ళీ మూడు రాళ్ళ పొయ్యి దగ్గరే కూర్చుంది. ఎందుకవ్వా అంటే, "ఇది చేసినోడు యాపొద్దన్నా సంగటి గెలికినాడా?" అంది. ఆవిడ సంగటి కుండ దాని మూతి మీద కుదురుగా కూర్చోదు. తెడ్డు పెట్టి బలంగా గెలికితే కుండ కదిలిపోతుంది. గొట్టంలో మసి పడితే తీసే దిక్కు లేదు. దేశమంతా మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంచి, 2002లో కేంద్రం ఆ పథకాన్ని ఆపేసింది. ఎందరో శాస్త్రవేత్తలు కష్టపడ్డారు, కాదనను. వాళ్ళ లెక్కలో పొగ వుంది, కట్టెలున్నాయి. అవ్వ మణికట్టు లేదు. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం వచ్చాక, 2016లో దేశమంతటా ఉజ్జ్వల వచ్చాక, గ్యాసు బండ చాలా ఇళ్ళకి చేరింది. మొదటి బండ చేరడం ఒక పండగ. రెండో బండ కొనడం ఒక సమస్య. ధర పెరిగినప్పుడల్లా ఎంతమంది ఆడవాళ్ళు మళ్ళీ కట్టెలేరడానికి వెళ్తున్నారో పల్లెటూళ్ళలో చుట్టాలున్న వాళ్ళందరికీ తెలుసు.

ఆ కాలంలోనే ఇంకో విచిత్రం జరిగింది. కేరళలో సైలెంట్ వ్యాలీ అనే అడవిలో కుంతిపుళ నది మీద విద్యుత్ ప్రాజెక్టు తలపెట్టారు. సింహం తోక కోతులుండే అడవి అది. సైన్సు ప్రచారం చేసే ఉపాధ్యాయులు, వృక్షశాస్త్రం చెప్పే మేష్టర్లు, సుగతకుమారి గారి లాంటి కవయిత్రులు వద్దన్నారు. కరెంటు కావాలన్నవాళ్ళు కూడా తక్కువేం కాదు. రాష్ట్ర ప్రభుత్వమే కట్టి తీరాలని పట్టుబట్టింది. ఏళ్ళ తరబడి వాదులాట జరిగి, చివరికి 1983లో ప్రాజెక్టు వదిలేశారు. 1984లో అది జాతీయ ఉద్యానవనం అయింది. విద్యుత్ విషయంలో ఇంజనీరు కానివాళ్ళ మాట నెగ్గడం ఎంత అపురూపమో తెలుసా? నాలాంటి రచయిత్రిని సదస్సులకి పిలవడం అక్కణ్ణుంచే మొదలైందేమో!

రైతు సంగతి చెప్పకుండా మన దగ్గర కరెంటు కథ పూర్తి కాదు. 1999లో మన విద్యుత్ బోర్డుని ముక్కలు చేశారు. 2000లో చార్జీలు పెంచారు. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో నిరసన ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు చనిపోయారు. 2004 మేలో కొత్త ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు పెట్టిన తొలి సంతకం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మీద. కరెంటు బిల్లు ఒక ప్రభుత్వాన్ని దించగలదనీ, ఒక సంతకం ఇంకో ప్రభుత్వాన్ని నిలబెట్టగలదనీ అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

మా మేనమామకి బోరు వుంది. ఆయన్ని అడిగాను, ఉచితం మంచిదేనా మామా అని. "మంచిదే. కానీ అర్ధరాత్రి రెండింటికి ఇస్తే చీకట్లో చేన్లోకి పోవాల. పాము కరిస్తే అదీ ఉచితమే గదా?" అన్నాడు. ఎంతమంది రైతులు అలా రాత్రిళ్ళు తడి చేతులతో స్టార్టరు ముట్టుకుని పోయారో! తెలంగాణలో 2018 జనవరి నుంచి వ్యవసాయానికి రోజంతా కరెంటు ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పుడు ఇంకో చర్చ వచ్చింది, మోటార్లు ఆగకుండా తోడేస్తే భూగర్భంలో నీళ్ళెన్నాళ్ళుంటాయని. కరెంటాఫీసు వాళ్ళని కదిలిస్తే వాళ్ళ గోడు వాళ్ళది. ఇచ్చిన యూనిటుకి డబ్బు రాదు, సర్కారు బాకీ తీర్చదు, కొన్న కరెంటుకి మాత్రం వెంటనే కట్టాలి. ఎవరి మాట విన్నా నిజమే అనిపిస్తుంది. నవల రాసేవాళ్ళకి ఇది అలవాటే. విలన్ని వెతుక్కుంటూ వెళ్తే ప్రతి ఇంట్లోనూ ఒక కష్టం కాఫీ ఇచ్చి కూర్చోబెడుతుంది.

కానీ కొన్ని చోట్ల వినడం అన్నదే జరగదు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల అనే చిత్తడి నేల వుంది. చుట్టుపక్కల పొలాలకి అదే నీరు, జాలర్లకి అదే చేప, పశువులకి అదే మేత. కాగితాల్లో మాత్రం అది పనికిరాని భూమి. అక్కడ బొగ్గు విద్యుత్ కేంద్రం పెట్టడానికి అనుమతులొచ్చాయి. 2010 జులై 14న జనం అడ్డుపడితే కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఒకప్పుడు కేంద్రంలో విద్యుత్ శాఖ కార్యదర్శిగా చేసిన ఇ.ఎ.ఎస్. శర్మ గారు బీల తరపున నిలబడ్డారు. జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. అంటే ఆ జాలర్లు చెప్పిన మాటే నిజమని తేలింది. ముందే విని వుంటే ఆ ఇళ్ళల్లో దీపాలు ఆరేవి కావు కదా. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆ జిల్లాలోనే కాకరాపల్లిలో మళ్ళీ అదే కథ.

అలాగని బొగ్గు మీద విరుచుకుపడిపోదామా? ఒక నవల కోసం నేను కొత్తగూడెం వెళ్ళాను. ఆరేసిన బట్టల మీద నల్లటి పొడి దులుపుకుంటూ ఒక గని కార్మికుడి భార్య నాతో అంది, "బొగ్గు చెడ్డది, బందు జేయాలె అంటున్నరట గదా అమ్మా. ముప్పై ఏండ్లు ఆయన తవ్వింది గదే. అది తిని మా పిల్లలు చదువుకున్నరు. గిప్పుడు మేము చెడ్డోళ్ళమా?" నేను నోరెత్తలేకపోయాను. తొంభైలలో లక్షమందికి పైగా పనిచేసిన సింగరేణిలో ఇప్పుడు వున్నది నలభై వేల పైచిలుకు. సింగరేణి కూడా ఇప్పుడు సోలార్ ప్లాంట్లు పెడుతోంది. కానీ అద్దాల పలకలకి అంతమంది మనుషులు అక్కర్లేదు.

ఆ అద్దాల పలకల మాటకొస్తే, కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల్లో దాదాపు 6,000 ఎకరాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో సిద్ధమైంది. దాన్ని మించింది మన అనంతపురానికి పక్కనే, కర్ణాటకలోని పావగడలో వుంది. పేరుకి కర్ణాటక గానీ అక్కడ ఇళ్ళల్లో తెలుగే ఎక్కువ. శనీశ్వరుడి గుడికని అత్తయ్యతో వెళ్ళినప్పుడు చూశాను. దూరం నుంచి చెరువులా కనిపించింది. "ఈ కరువు సీమలో ఇన్ని నీళ్ళెక్కడివి?" అంది అత్తయ్య. దగ్గరికెళ్తే నీలం పలకలు, చూపు ఆనినంత మేరా అవే. 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు.

ఇక్కడ ఒక మంచి పని చేశారు. రైతుల భూమి కొనలేదు, కౌలుకి తీసుకున్నారు. ఎకరాకి ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు. వానలకి నోచుకోని వేరుశనగ చేలున్న రైతుకి అది దేవుడిచ్చిన వరం. గుడి దగ్గర కలిసిన ఒక పెద్దాయన అదే చెప్పి మురిసిపోయాడు. పక్కనే పూలు అమ్ముకుంటున్న ఒకావిడ, ఆయన వెళ్ళిందాకా ఆగి, "భూమి వున్నోళ్ళకి బాడుగ వస్తాది. మాకు సెంటు లేదు. కాయ పీకే కూలి పాయ, గొర్రెల్ని తోలే బీడు పాయ. పలకలు తుడిచే పని ఎంతమందికిస్తారు?" అంది. ఇద్దరి మాటా నిజమే. మళ్ళీ అదే గొడవ! పైగా బొగ్గు కేంద్రానికైతే ప్రజాభిప్రాయ సేకరణ అని ఒక రోజు షామియానా వేసి, మైకు పెట్టి, కనీసం అడిగినట్టు చేస్తారు. సోలార్‌కి పర్యావరణ అనుమతి అవసరం లేదు కాబట్టి ఆ షామియానా కూడా లేదు.

2021 నవంబరులో గ్లాస్గోలో మన దేశం మాటిచ్చింది. 2030కి 500 గిగావాట్ల శిలాజేతర విద్యుత్ సామర్థ్యం, 2070కి నికరంగా సున్నా కాలుష్యం. 2025 జూన్ నాటికి మన విద్యుత్ కేంద్రాల మొత్తం సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు, డీజిలు కానివే అయ్యాయి. గర్వించాల్సిన విషయమే. అయినా మనం వాడే నూరు యూనిట్లలో డెబ్బైకి పైగా బొగ్గు నుంచే వస్తున్నాయి. ఎందుకలా అంటే, సోలార్ పలక పగలే పనిచేస్తుంది, గాలిమర గాలి వీస్తేనే తిరుగుతుంది, బొగ్గు పొయ్యి మాత్రం రాత్రీ పగలూ మండుతుంది. గిన్నెలు సమానంగా వున్నంత మాత్రాన వంట సమానం కాదు కదా. అందుకని పగటి కరెంటుతో నీళ్ళని పైకి తోడి, రాత్రికి కిందికి వదిలి మళ్ళీ కరెంటు తీసే ఏర్పాట్ల మీద ఇప్పుడు చూపు పడింది. నీళ్ళని వెనక్కి తోడగల యంత్రాలు నాగార్జునసాగర్‌లోనూ, శ్రీశైలం ఎడమ గట్టునా ఎప్పటినుంచో వున్నాయి. అంటే ఎండ కరెంటు రోజులొచ్చినా మా అత్తయ్య వాళ్ళ వూరి మీద నీళ్ళకి పని తప్పదన్నమాట.

సదస్సుకి వెళ్ళాను. నా పది నిమిషాల్లో ఇవే మాటలు చెప్పాను. సంగటి తెడ్డు, గడప, పూలమ్మే ఆవిడ. కొందరు నవ్వారు, కొందరు గడియారం చూసుకున్నారు. సోలార్ మేనేజరు మర్యాదస్తుడు. "ఆలస్యమైతే వడ్డీ పెరుగుతుంది మేడమ్, అందర్నీ అడుగుతూ కూర్చుంటే 2030 వచ్చేస్తుంది" అన్నాడు. నిజమే, ఎండలు మండిపోతున్నాయి, ఆలస్యానికి కూడా ఖరీదుంది. ఆ ఖరీదు కట్టేది మళ్ళీ కూలి పనికి వెళ్ళేవాళ్ళే.

భోజనాల దగ్గర రిటైరైన ఇంజనీరు గారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. కుర్రతనంలో ఆయన కూడా ఆనకట్టల మీద పనిచేశారుట. "అమ్మా, నీటిమట్టం ఎంత వుండాలో మాకు చెప్పారు. ఆ మట్టం కింద ఎవరున్నారో మాకూ చెప్పలేదు. మేమూ అడగలేదు" అన్నారు. కాసేపాగి, "మీ అత్తగారి వూరి పేరేమిటి?" అని అడిగారు. చెప్పాను. ఆయన తల పంకించి, ప్లేటు పక్కన పెట్టేసి వెళ్ళిపోయారు.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. అత్తయ్య హాల్లో లైటు స్విచ్చి వేసి, బల్బు వైపు చూసి రెండు చేతులూ జోడించింది. పెళ్ళైన నాటి నుంచీ చూస్తున్నాను. సాయంత్రం దీపానికి దణ్ణం పెట్టుకోవడం మన ఇళ్ళల్లో అలవాటే కదా అని ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ రోజెందుకో అడిగాను, "ఏమని మొక్కుతారు అత్తయ్యా?" అని.

"ఏముందమ్మా. దీపం లచ్చిమి గదా" అంది. వంటింటి వైపు రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, "మా వూరిది గూడా రవ్వంత వుంటాదేమో అందులో" అంది.

నేను అక్కడే కూర్చుండిపోయాను. కాసేపటికి చూస్తే, ముందు గదిలో ఎవరూ లేకుండా ఫ్యాను తిరుగుతోంది. పడగ్గదిలో రెండు లైట్లు వెలుగుతున్నాయి. వరండాలో ఇంకొకటి. లేచి వెళ్ళి ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాను.

బాత్రూములోంచి మా వారి కేక వినిపించింది. "ఏమోయ్, కరెంటు పోయిందా? పదో ప్రకరణమా?"

"పోలేదండీ, నేనే తీశాను" అన్నాను. పొరపాటున ఆ లైటు కూడా తీసేసినట్టున్నాను.